జోడు సున్నల గండము

ముందుగా మట్టికి దండము. ఆపై నీటికి. ఆపై ఆ రెంటిని కలిపి తొక్కి, రోలరు లాగి, చదును చేసి, దానిమీద తెల్లగీతలు గీసిన చేతులకు దండము. దేవతలకు దండములు పెట్టువారు ఊరిలో చాలమంది యున్నారు, నేనొక్కడిని మానినంత మాత్రమున వారేమియు అనుకొనరు.

తూర్పుకనుమల పాదపీఠమున, మన్యమునకు మహాద్వారమై, నాతవరము నుండియు గొలుగొండ నుండియు రావికమతము నుండియు కిక్కిరిసి వచ్చు షేరు ఆటోల హారనుల మంగళధ్వనులతో మేలుకాంచుచు, చింతపండు బస్తాలతోను అడ్డాకుల కట్టలతోను సంతవీథులు పులుపును పచ్చివాసనను గుప్పుమనిపించుచుండగా సకలజన కోలాహల సంకులమై వెలయు నర్సీపట్నమను మహానగరమందు, ఫిబ్రవరి మాసపు కడపటి గురువారమున, ఉదయము పదిగంటల నలుబది నిమిషములకు, టౌను క్లబ్బు వెనుకనున్న ఎర్రమట్టి కోర్టులో, పురుషుల ప్రొఫెషనలు టెన్నిసు టోర్నమెంటు తొలిరౌండున, ఒక మానవుడు సున్నతో సలిపిన ఘోరసంగ్రామమును చెప్పెదను. వినుడు. మధ్యలో ఫోను చూచుకొనువారు వెనుక వరుసకు పోవచ్చును.

ఇంతటి టోర్నమెంటు మన ఊరికెట్లు వచ్చినదని కొందరు ముక్కున వేలు వేసికొనిరి. మట్టి వలన వచ్చినది. తక్కిన ఊళ్ళవారు తమ మట్టికోర్టులపై సిమెంటు పోసి, సిమెంటుపై నీలిరంగు పూసి మురిసిపోయిరి. మన క్లబ్బు కమిటీయు సిమెంటు పోయుదమనియే తలచెను గాని, ఆ తీర్మానమునకు పదునాలుగేండ్లుగా సభ్యులు కూడక కోరము చాలలేదు. మట్టికోర్టు కావలెనని టోర్నమెంటువారు జిల్లా జిల్లా గాలించునప్పటికి చెక్కుచెదరక మిగిలినది మనదే. ఏ మాట కా మాట చెప్పుకొనవలె, బద్ధకమునకును ఒక రోజు వచ్చును.

టోర్నమెంటు జరుగు ఊరివానికి ఒక స్థానము విడిచిపెట్టుట ఆనవాయితీ. దానికి వైల్డు కార్డని పేరు. ఊరిలో సొంత రాకెట్టు గలవాడు ఒక్కడే యగుటచే ఎంపిక మూడు నిమిషములలో ముగిసెను. ఆ కాగితము ఇంటికి రాగా ఇల్లాలు వర్ధనమ్మ దానిని అటునిటు త్రిప్పి చూచెను.

“ఆధారు కార్డు విన్నాను, పాను కార్డు విన్నాను. ఈ వైల్డు కార్డు ఏవిటండీ? జిరాక్సు తీయించాలా?” అని అడిగెను.

ఆ ఏకైక రాకెట్టుధారి ఎవరనగా, ఘనమూలభంజనుడు, త్రికోణమితి త్రివిక్రముడు, లోహితలేఖినీధరుడు, ఇరువదిమూడేండ్లుగా హైస్కూలున లెక్కలు బోధించుచు పదవతరగతి జవాబుపత్రములపై గుండుసున్నలను వడగండ్ల వానవలె కురిపించిన శూన్యప్రదాత, యాజులు మాస్టారు. వయస్సు నలుబదియేడు. మోకాళ్ళలో ఎడమది మంచిది.

ఆయన వేసిన సున్నలు ఊరంతట తిరుగుచున్నవి. ఒక సున్న షేరు ఆటో నడుపుచున్నది. ఒక సున్న సిమెంటు కొట్టు పెట్టుకొన్నది. ఒక సున్న కానిస్టేబులై ఏదో ఒక సెంటరున ఈల ఊదుచున్నది. వరుసగా మూడు సున్నలు స్వీకరించిన రాజుబాబు నేడు క్లబ్బు ప్రెసిడెంటై, మైకు చేతబట్టి స్కోరు చెప్పు పదవియు తానే పుచ్చుకొన్నాడు. వీరందరును ఆ గురువారమున పనులు మానుకొని కోర్టు చుట్టు చేరిరి. ఎందుకు చేరిరో నోటితో ఎవరును అనలేదు. చెప్పవద్దూ, మాస్టారికి సున్న పడుట కన్నులార చూడవలెనని చేరిరి.

దీనికి తోడు కమిటీ చేసిన ఘనకార్యమొకటి కలదు. టెన్నిసున సున్నను లవ్ అందురు. ఆడవారును పెద్దలును కూర్చున్నచోట మైకులో ఆ మాటను గంటకు నూరుసార్లు అనుట బాగుండదని కమిటీ చర్చించి, దాని బదులు సున్న యనియే చెప్పవలెనని తీర్మానించెను. దీనికి మాత్రము కోరము చాలినది. కనుక అంపైరు తన ఎత్తుకుర్చీలో కూర్చుండి లవ్ అనును, ఆ వెంటనే రాజుబాబు మైకులో సున్న అనును, ఆ సున్న బస్టాండు దాక వినబడును.

ఇక గండమేమో చెప్పెదను. ఓడుట గండము కాదు. ఓడునని మాస్టారికిని తెలియును, మీకును తెలియును. ఆరు గేములు ముందు గెలిచినవానిదే సెట్టు గనుక, రెండు సెట్లలో ఒక్క గేమైనను రానిచో స్కోరు ఆరు–సున్న, ఆరు–సున్న యగును. అనగా జోడు సున్నలు. నర్సీపట్నమున ఒకసారి పేరు అంటినచో ఊడదు. ఎప్పుడో ఒక పెండ్లిలో రెండు గారెలు ఎక్కువ అడిగిన పాపమునకు ఒక పెద్దమనిషికి గారెలాయన యని పేరు వచ్చినది. ఆయన పోయి పుష్కరమైనది. మొన్న ఆయన మునిమనుమరాలి శుభలేఖలు పంచుచు, ఏ ఇంటి పిల్ల యని అడిగినవారికి గారెలవారి పిల్ల యనియే చెప్పిరి. ఇంకను పదునాలుగేండ్ల సర్వీసు మిగిలియున్న లెక్కల మాస్టారికి జోడు సున్నల యాజులని పేరు వచ్చినచో, బోర్డు వైపు తిరిగి సుద్దముక్క ఎత్తిన ప్రతిసారి వెనుకనుండి కిసుక్కుమను నవ్వు వినబడును. ఆ నవ్వు నిజముగా ఆయన గుండెలో గుబులు. రాత్రి రెండు పర్యాయములు లేచి మంచినీళ్ళు త్రాగెను.

ఆ ఉదయము ఆయన తెల్లని నిక్కరు తొడిగి, నుదుట గంధము దిద్ది, రాకెట్టును భుజమున మోపి, గడప వద్ద నిలిచి ఇట్లు పలికెను.

“వర్ధనీ, వినుము. సెట్టు నడుగను. మ్యాచి నడుగను. అయ్యో పాపమను జాలి అసలే నడుగను. ఒక్క గేము. సున్నకును ఒకటికిని నడుమనున్న దూరము ఒకటికిని కోటికిని నడుమలేదు. ఒకటి చేతనున్నవాడు దానిని దేనితో హెచ్చవేసినను ఏదో ఒకటి మిగులును. సున్న చేతనున్నవాడు బ్రహ్మాండముతో హెచ్చవేసినను సున్నయే. ఈ మాటను ఇరువదిమూడేండ్లు బోర్డుమీద వ్రాసితిని. నేడు నా నెత్తిమీద వ్రాయించుకొనజాలను.”

“ఆ బనీను తిరగేసి తొడుక్కున్నారు, ముందది చూసుకోండి. మీరు పదండి, నేను గిన్నెలు సర్ది వెనకాలే వస్తాను,” అని వర్ధనమ్మ బదులు పలికెను.

ప్రత్యర్థి విశాఖపట్టణ వాస్తవ్యుడు గోపీకృష్ణ. ఇరువదిరెండేండ్లవాడు, ఆజానుబాహుడు, టెన్నిసే బ్రతుకుతెరువుగా దేశములు పట్టి తిరుగువాడు. అతడు కోర్టునకు ఆరు రాకెట్లున్న సంచితో వచ్చెను. మాస్టారు ఆ సంచిని చూచి, మనిషికి చేతులు రెండు గదా, ఆరెందుకని లోలోన భాగించి, శేషము సున్న యని తేలగా దిగులుపడెను. అయినను పెద్దరికము విడువక, “అబ్బాయ్, టిఫిను చేసేవా?” అని అడిగెను. చేసేనండి యని అతడు వినయముగా చెప్పెను. ఆ వినయము అంతవరకే.

తదనంతరము ప్రథమ సెట్టు జరిగెను. జరిగెను అనుటకంటె గడచెను అనుట న్యాయము. గోపీకృష్ణుని భుజదండము నుండి వెడలిన బంతి ఎర్రధూళిని లేపుచు, బుసకొట్టుచు, మాస్టారి కుడిప్రక్కను దాటి కంచెకు తగిలి క్రిందపడిన పిమ్మట మాస్టారు రాకెట్టును వెనుకకు తీయుచుండిరి. దీనికి మోకాలొక్కటే కారణము కాదు. గణితమును కారణమే. పదిహేను, ముప్పది, ఆ పిమ్మట నలుబది యని అంపైరు చెప్పుట విన్నంతనే ఆయన మనస్సు చివుక్కుమనెను. పదిహేనేసి చొప్పున పెరుగుచున్నది గదా, నలుబదియైదు రావలెను గదా, ఆ అయిదు ఏమైనది? ఈ అన్యాయమును ఇన్నేండ్లుగా ఎవరును అడుగలేదేమని తలపోయుచుండగా రెండు గేములు పోయినవి. ఆ తలపును బలవంతముగా దులుపుకొనునప్పటికి తక్కిన నాలుగును పోయినవి.

“ఫస్టు సెట్టు గోపీకృష్ణ ఆరు, మన మాస్టారు సున్నండి,” అని రాజుబాబు మైకులో ప్రకటించెను. సున్నకు సైతము అండి చేర్చుట మరువలేదు. మర్యాద గల శిష్యుడు.

“మాస్టారూ, ఆన్సరు తప్పైనా స్టెప్పులకి మార్కులెయ్యండని ఏడిసేం కదా. ఏసేరేటి అప్పుడు?” అని షేరు ఆటో కొండన్న కంచె మీదనుండి అడిగెను. జనము గొల్లుమనెను. మాస్టారు తువ్వాలుతో మొగము తుడుచుకొనుచు, తువ్వాలు తీయుటకు కొంత ఆలస్యము చేసిరి.

ఆ విరామమున కోర్టులోనికి నీళ్ళ ట్యూబుతోను సున్నపు డబ్బాతోను ఒక వ్యక్తి ప్రవేశించెను. ఇతడు సోములు. క్లబ్బు కోర్టును కన్నబిడ్డవలె సాకువాడు. తెల్లవారకముందే మట్టి తడుపును, రోలరు లాగును, సున్నము కలిపి గీతలు దిద్దును. స్కేలు పట్టడు, దారము కట్టడు, గీత మాత్రము తిన్నగా వచ్చును. ఇరువదిరెండేండ్ల క్రిందట యాజులు మాస్టారు కొత్తగా ఉద్యోగమున చేరి, తన జన్మలో వేసిన మొట్టమొదటి సున్నను ఈ సోములు పేపరుమీదనే వేసిరి. మరునాటినుండి సోములు బడికి రాలేదు. ఆ తరువాత క్లబ్బులో పనికి కుదిరెను. సాయంకాలము మాస్టారు ఆటకు వచ్చి, “ఒరే సోములు, నీళ్ళు కొట్టేవా?” అని అడుగును. “కొట్టేనండి,” అని సోములు చెప్పును. ఇన్నేండ్లలో వారి నడుమ నడచిన సంభాషణ యంతయు ఇదియే. ఆ రోజునను సోములు మట్టి తడిపి, అరిగిన గీతలను దిద్దుకొని బయటికి పోయెను.

ద్వితీయ సెట్టున మాస్టారు కొంత పుంజుకొనిరి. అనగా బంతిని తాకిరి. తాకినవి నెట్టుకు పోయినవి, నెట్టు దాటినవి కంచెకు పోయినవి, ఒకటి కంచెయు దాటి క్లబ్బు వంటగదికి పోయినది. ఒకటి–సున్న. రెండు–సున్న. మైకు ఆగదు. మూడు–సున్న. వర్ధనమ్మ కన్నులు మూసికొనెను. నాలుగు–సున్న. అయిదు–సున్న. ఇక ఒక్క గేము. సర్వీసు మాస్టారిది. ఎండ నడినెత్తికి ఎక్కెను. జోడు సున్నలు రెండును ప్రక్కప్రక్కన నిలుచుండి ఆయనవంక చూచుచున్నవి.

అప్పుడు మాస్టారు బంతిని మూడుమార్లు నేలకు కొట్టి, ఎక్కములలో తనకు మిక్కిలి ఇష్టమైన పదమూడవ ఎక్కమును మనస్సున చదివికొని, సర్వీసు చేసెను. ఆ బంతి ఎంత మెల్లగా పోయినదనగా, అట్టి మెల్లని బంతిని ప్రొఫెషనలు జన్మలో ఎరుగని గోపీకృష్ణ ముందుగనే రాకెట్టు ఊపివేసి, తన బంతిని తానే నెట్టులో వేసికొనెను.

“పదిహేను మాస్టారండి. గోపీకృష్ణ సున్న,” అని రాజుబాబు చెప్పి, తాను చెప్పినది తానే నమ్మలేక మైకును చెవిదగ్గర పెట్టుకొని చూచెను. సున్న ఆవలివైపునకు పోవుట ఆ ఉదయము అదియే మొదలు. రెండవ పాయింటు గోపీకృష్ణ గెలిచెను. మూడవదానిలో మాస్టారి బంతి నెట్టుపై కూర్చుండి, అటా ఇటా యని ఆలోచించి, అటు పడెను. నాలుగవది మరల అతనిదే. ముప్పది–ముప్పది. అయిదవ బంతి మట్టిలో ఎక్కడనో ఒక చిన్న రాతిపలుకును తొక్కి మోకాలెత్తు లేవవలసినది మడమయెత్తుననే దొర్లిపోయెను. నలుబది–ముప్పది. మాస్టారికి ఇక ఒక్క పాయింటు.

కోర్టు చుట్టు నవ్వులకని తెరచిన నోళ్ళు తెరచినట్లే యున్నవి గాని నవ్వు రాలేదు. కొండన్న కంచె దిగివచ్చి చెప్పులు విడిచి నిలుచుండెను. ఎందుకు విడిచెనో అతనికే తెలియదు. సున్న చూడవచ్చిన ఊరు ఒకటి కోసము ఊపిరి బిగబట్టినది. మనుష్యుల మనస్సు నాకెన్నటికి అంతుచిక్కదు.

ఇక ఆ మహాపాయింటు. బంతి అటుపోయె, ఇటువచ్చె, అటుపోయె, ఇటువచ్చె. పదకొండు దెబ్బలు. పన్నెండవ దెబ్బకు మాస్టారు ఆయాసముతో కన్నులు మూసికొని, రాకెట్టు ముఖమును ఆకసము వైపు త్రిప్పి, ఉన్న బలమంతయు కూడగట్టి ఒక్కటి వేసెను. బంతి పైకెగసెను. క్లబ్బు డాబాను మించెను, కొబ్బరి మొవ్వను మించెను. అందరి మెడలు వెనుకకు వాలినవి. మధ్యాహ్నపు సూర్యునికి అడ్డముగా ఒక క్షణము నిలిచి, అంతట జాలిపడి దిగివచ్చి, ఆవలి ఎడమమూలన థప్పుమని పడి కంచె క్రిందికి దొర్లెను. గోపీకృష్ణ దానిని తాకనే లేదు.

“అవుట్,” అని అంపైరు చెప్పెను.

వర్ధనమ్మ కొంగు నోటికడ్డము పెట్టుకొనెను. మాస్టారు నెట్టు దాక పరుగెత్తి, చేయెత్తి, తరగతిలో మాట్లాడు కంఠముతో పలికెను. “అయ్యా, మట్టి సాక్ష్యము చెప్పును. సిమెంటునకు నోరులేదు, మట్టికి నోరుకలదు. బంతి పడిన గుర్తును పరిశీలించి తీర్పు చెప్పుటకు నియమము కలదు. దిగి చూడుడు.”

నియమము నిజముగనే కలదు. మట్టికోర్టు గొప్పతనమే అది. అంపైరు హైదరాబాదు నుండి వచ్చిన గంభీరపురుషుడు. కుర్చీ దిగి, నెట్టు చుట్టివచ్చి, ఆ మూలకు నడచి, వంగి చూచెను. తన గడిని విడిచి ఆవలికి పోరాదు గనుక మాస్టారు నెట్టు పట్టుకొని మునివేళ్ళపై నిలుచుండెను. ఎంత నిక్కినను ఆయనకేమియు కనబడలేదు. అంపైరునకు కనబడినది. గీతకు నాలుగు వ్రేళ్ళు బయట, తడిమట్టిలో, గుండ్రముగా, పొందికగా ఒక గుర్తు. నర్సీపట్నమున అంత చక్కని గుండుసున్నను మాస్టారు సైతము ఎన్నడును వేసియుండలేదు.

అంపైరు దానివైపు చూపుడువ్రేలు చూపెను. రాజుబాబు మైకు ఎత్తి, “నలభై… నలభై అండి,” అని నీరసముగా చెప్పెను. అంతలో గేటు తెరచుకొని సోములు లోనికి వచ్చెను.

ఇచ్చట నేను ముందే చెప్పవలసి మరచిన మాట ఒకటి కలదు, క్షమించుడు. ఆ ఉదయము అంపైరు కమిటీవారి నందరిని నిలుచుండబెట్టి, కోర్టులో మంచినీళ్ళు తప్ప తినునది గాని త్రాగునది గాని ఏది కనబడినను, తెచ్చినవాడు ఎవరైనను సరే, మరల ఆ గేటు దాటరాదని గట్టిగా చెప్పియుండెను. సోములు ఆ మాట విన్నవాడే. కోర్టు తప్ప అతనికి వేరొక పని లేదు, రాదు.

“సార్, అది బంతి గుర్తు కాదండి,” అని సోములు చెప్పెను.

“మరేంటి?”

“గ్లాసండి. టీ గ్లాసు. ఇందాకటి బ్రేకులో నానే ఎట్టేను.”

అతడు కంచె స్తంభము వెనుకనుండి ఒక స్టీలు గ్లాసు తెచ్చి, వంగి, ఆ గుర్తులో నిలిపెను. వెంట్రుకవాసి తేడా లేక అమరిపోయెను. అంపైరు గ్లాసును ఎత్తి త్రిప్పి చూడగా దాని అంచున చుక్కచుక్కలుగా కొట్టించిన పేరు కనబడెను.

“వర్ధనమ్మ ఎవరు?” అని అడిగెను.

ఊరంతయు ఒక్కసారి అటు తిరిగి చూచెను. వర్ధనమ్మ లేచి నిలుచుండి, “నేనేనండి. తెల్లారకముందు నుంచి ఎండలో పడి ఉన్నాడు మనిషి. ఫ్లాస్కులో ఉంటే పోసిచ్చాను. అడక్కుండానే ఇచ్చాను, తప్పయితే నాది,” అని చెప్పెను.

గోపీకృష్ణకు ఒళ్ళు మండెను. అతని కోపమును తప్పుపట్టలేము. “ఇదేటి సార్? గ్లాసు ఆయన ఇంటిది, ఇచ్చింది ఆయన భార్య, సాక్ష్యం ఆయన ఊరోడిది. ఇంకేటి మిగిలింది నాకు?” అనెను.

సోములు కంచెకడకు పోయి, దాని క్రింద ఆగిన బంతిని రెండు వ్రేళ్ళతో తెచ్చి అతని యెదుట పట్టెను. “బంతి సూడండి బాబూ. పసుపు మీద తెల్లగా అంటుకుంది. ఈ గీత బ్రేకులో మళ్ళీ దిద్దేను, ఇంకా పచ్చి ఆరలేదు. గీత మీద పడితేనే సున్నం అంటుతాది. ఇదిగో, ఇక్కడ గీత సెదిరింది కూడా.” ఇట్లు చెప్పి, నెట్టు ఆవల నిలిచిన మాస్టారి వైపు తిరిగెను. ఇరువదిరెండేండ్లలో అతడు ఆయనతో రెండు ముక్కలకు మించి మాట్లాడుట అదియే మొదటిసారి.

“మాస్టారూ, మీరు నాకేసిన సున్న కరెక్టేనండి. నానేటీ రాయలేదు. ఈ సున్న మాత్రం నానేసింది. తప్పు సున్నండి. మీ బంతి పడింది సున్నం మీద.”

సంస్కృతమున అమృతమునకును సుధ యనియే పేరు, సున్నమునకును సుధ యనియే పేరు. ఇది నేను కల్పించినది కాదు, నిఘంటువు చూచుకొనవచ్చును. ఆ క్షణమున యాజులు మాస్టారికి ఆ రెంటికిని తేడా తెలియలేదు.

గోపీకృష్ణ బంతిని బొటనవ్రేలితో రుద్దెను. వ్రేలు తెల్లబడెను. అతడు ఆ వ్రేలిని అంపైరునకు చూపి, “సున్నమే సార్. పాయింటు ఆయనది,” అని చెప్పి తన గడిలోనికి పోయెను. ఆ అబ్బాయి మంచివాడు, ఇందాక నేను తొందరపడి ఏమైన అనియుంటిని కాబోలు.

అంపైరు మరల కుర్చీ ఎక్కెను. గేము యాజులుదని చెప్పెను. రాజుబాబు మైకు నోటిదగ్గరకు తెచ్చుకొనెను. మూడు సున్నలు పుచ్చుకొన్నవాడు, ఆ ఉదయమెల్ల సున్నలు పంచినవాడు, ఆ కడపటికి, “మాస్టారు… ఒకటండి,” అనెను. అంతట బయట నిలిపిన షేరు ఆటోల హారనులు ఒక్కపెట్టున మ్రోగినవి. సిమెంటు కొట్టువాడు కానిస్టేబులును కౌగిలించుకొనెను. కొండన్న, “ఏసేరు, మాస్టారికి స్టెప్పు మార్కు ఏసేరు,” అని కనబడిన ప్రతివానికి చెప్పెను. వర్ధనమ్మ కంటనీరు తుడుచుకొనుచు ప్రక్కనున్న ఆమెను, “ఇంతకీ అయిపోయినట్టేనా?” అని అడిగెను.

అయిపోలేదు. తరువాతి గేము గోపీకృష్ణ నాలుగు సర్వీసులతో ఒకటిన్నర నిమిషములో ముగించెను. ఆరు–సున్న, ఆరు–ఒకటి. మాస్టారు ఓడెను. అది ఎవరును పట్టించుకొనలేదు.

పట్టించుకొనవలసినది వేరొకటి యున్నది. అంపైరు క్రిందికి దిగి, గ్లాసు చేతబట్టుకొని, సోములును కమిటీవారిని పిలిచెను. “నిజం చెప్పాడు, సంతోషం. కానీ రూలు రూలే. రేపటినుంచి ఇతను కోర్టులోకి రాకూడదు,” అనెను. సోములు తలవంచుకొని నిలుచుండెను. అతనికి ఇది ముందే తెలియును. తెలిసియే గేటు తెరచెను.

అప్పుడు యాజులు మాస్టారు చెమట కారుచు, కుంటుచు, వారి నడుమకు వచ్చి నిలిచెను. “అయ్యా న్యాయమూర్తీ, ఎండయందు మాడినవాడు ఒక గుక్కెడు టీ త్రాగుట నేరమైనచో, ఆ టీకి నీళ్ళు మరిగించిన మా పొయ్యి నేరము చేసినది, పాలిచ్చిన బఱ్ఱె నేరము చేసినది, ఫ్లాస్కు మోసికొనివచ్చిన మా ఇల్లాలు నేరము చేసినది. అందరిని వెలివేయుడు. ఒక్క ప్రశ్న మాత్రము. రేపు నాలుగు మ్యాచిలున్నవి. గీతలు ఎవరు గీయుదురు?”

అంపైరు కమిటీ వంక చూచెను. కమిటీ తన చెప్పుల వంక చూచుకొనెను.

“మనిషిని తీసెయ్యాలంటే తీర్మానం సెయ్యాలండి,” అని రాజుబాబు మెల్లగా చెప్పెను. “ఇప్పుడు కోరం లేదండి. ఎప్పుడు సాలుతాదో సెప్పలేం.”

అంపైరు గ్లాసును సోములు చేతిలో పెట్టి, భోజనమునకు పోయెను.

జనము పలుచబడిన పిమ్మట సోములు స్కోరుబోర్డు చెంత సున్నపు డబ్బాతో పని చేసికొనుచుండగా మాస్టారు వచ్చి ప్రక్కన నిలుచుండెను. నీళ్ళు కొట్టేవా యని అడుగవలసిన వేళ కాదు, వేరొక మాట ఆయనకు అలవాటు లేదు.

“సోములు,” అనెను. ఒరే అనలేదు. “ఆ రోజు నీ పేపర్లో ఒక్క అక్షరం లేదు. కానీ మార్జిను గీసేవు. స్కేలు లేకుండా గీసేవు, ఎక్కడా వంకర లేదు. సున్న వేసేముందు దాన్నే చూస్తూ కూర్చున్నాను. దానికి ఒక మార్కు వెయ్యాల్సింది.”

సోములు నవ్వెను. “ఒక్క మార్కుకి పాసయిపోతానేటండి?”

“అవవు,” అని మాస్టారు ఒప్పుకొనెను. “నేను గెలిచేనా?”

సోములు బోర్డు వంక చూచెను. కమిటీవారు సుద్దముక్కతో మూలన పిసరంతగా వ్రాసిన ఒకటి అందులో నున్నది. “లేదండి,” అనెను. “గెలవలేదండి.” అని, అరచేతితో దానిని తుడిచివేసి, కుంచెను సున్నములో ముంచి, పైనుండి క్రిందికి మూరెడు పొడవున ఒక గీత గీసెను.

నర్సీపట్నపు ప్రజలారా, నాతవరము బండి ఎక్కబోవువారలారా, ఆగి వినుడు. యాజులు మాస్టారు పదమూడు గేములాడి ఒకటి గెలిచెను. చూడదలచినవారు క్లబ్బు వెనుకకు పోయి చూడవచ్చును, ఇంకను తడి ఆరలేదు.